మా పెరటి కోడికాలు రాయి: మల్కాపురం వైపు మిలిటరీ హద్దు రాళ్ళ గురించి తెలిసినవాళ్ళున్నారా?

సింధియావాసి

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నంలో మల్కాపురం. కొండ అంచుకి ఆనుకున్న వీధుల్లో ఒకదాంట్లో మా తాత కట్టిన పెంకుటిల్లు ఉంది. తాత 1946లో టెక్కలి దగ్గరి పల్లె నుంచి సింధియా షిప్‌యార్డులో పనికి వచ్చాడు. కొలిమిలో రివెట్లు ఎర్రగా కాల్చి పైనున్నవాళ్ళకి అందించే పని. 1948 మార్చిలో నెహ్రూ గారు వచ్చి జల ఉష ఓడని నీళ్ళలోకి దింపిన రోజు ఎండకి తాత సొమ్మసిల్లాడని మామ్మ చెప్పేది. ఓడ కదలడం మాత్రం చూశాడట. మాకు ఆ కథ వందసార్లు చెప్పాడు.

విషయానికి వస్తాను. మా పెరటి గోడకి అవతల సందులో మోకాలెత్తు రాయి ఒకటి పాతి ఉంది. నల్లరాయి. నాలుగు పలకలుగా చెక్కి, పైభాగం కొంచెం గుండ్రంగా తీర్చారు. వెడల్పు నా జానెడు. కొండకి ఎదురువైపు, అంటే మా ఇంటివైపు ముఖం మీద మూడు గీతలు ఒకచోట కలిసినట్టు చెక్కి ఉంది. తడి నేల మీద కోడి నడిస్తే పడే అడుగు ఎలా ఉంటుందో అచ్చం అలాగే. దాని కింద ఒక అంకె, 1 పక్కన ఇంకేదో. ఆ కింద అక్షరాలున్నట్టు వేలికి తెలుస్తుంది, కంటికి కనిపించదు.

మామ్మ దాన్ని కోడికాలు రాయి అనేది. "మిలట్రీవోళ్ళ రాయర్రా అది, దానిమీద కూకోకండి" అని అరిచేది. మేము వినేవాళ్ళం కాదు. దాగుడుమూతల్లో దొంగ ఆ రాయి మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని అంకెలు లెక్కపెట్టాలి. నాకిప్పుడు 53. మే నెల ఎండలో కూడా చల్లగా ఉండే ఆ రాయి అరచేతికి ఇంకా గుర్తుంది.

ఇప్పుడు ఆ సందులో కాలువ తవ్వుతున్నారు. రాయి సరిగ్గా లైనుకి అడ్డం వచ్చింది. గురువారం జేసీబీ వస్తుంది, పీకి పక్కన పడేస్తాం అన్నారు. మా తమ్ముడేమో, ఎలాగూ పీకుతున్నారు కదా, మన గేటు పక్కన పాతుకుందాం, అందంగా ఉంటుంది అంటున్నాడు. ఎదురింటాయన ఇంకో భయం పెట్టారు. ఆ రాయి సంగతి బయటపడితే ఈ వరసంతా నేవీ స్థలం అంటారట. రెండు రాత్రుల నుంచి నిద్ర లేదు, ఒకటే టెన్షన్.

అది నిజంగా మిలిటరీ హద్దు రాయేనా, దాని మీద ఏం రాసి ఉందో చదివే దారి ఏమైనా ఉందా, దాన్ని గేటు దగ్గరికి తెచ్చుకోవడం తప్పా? తెలిసినవాళ్ళు గురువారం లోపు చెప్తే మేలు చేసినవాళ్ళవుతారు.

పాత చైన్‌మన్

అమ్మా, ముందు ఒక్క మాట. ఆ రాయిని కదపనివ్వకండి. మిగతాదంతా తీరిగ్గా చదవండి.

నేను సర్వే శాఖలో చైన్‌మన్‌గా చేరి సర్వేయర్‌గా రిటైరయ్యాను. 66 అడుగుల గొలుసు, అందులో 100 లింకులు, అది భుజాన వేసుకుని అనకాపల్లి, చోడవరం పొలాల్లో ఏళ్ళ తరబడి తిరిగాను. పది గొలుసుల పొడవు, ఒక గొలుసు వెడల్పు ఉంటే ఎకరం. ఆ లెక్క ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

మీ మామ్మగారు కోడికాలు అన్న గుర్తుని ఇంగ్లీషువాళ్ళు బ్రాడ్ యారో అంటారు. అది బాణం. రాజుగారి సొత్తు అని చెప్పే ముద్ర. వాళ్ళ దేశంలో ఫిరంగుల మీద, ఓడల సామాను మీద, చివరికి ఖైదీల బట్టల మీద కూడా వేసేవారు. ఆ గుర్తున్న నౌకాదళం సామాను అనుమతి లేకుండా ఇంట్లో పెట్టుకోవడమే నేరమని 1698లో చట్టం చేశారు. వాళ్ళతో పాటు ఆ ముద్ర మన దేశానికీ వచ్చింది. ఇషాపూర్‌లో చేసిన పాత రైఫిళ్ళ మీద బాణం, దాని కింద ఐ అక్షరం ఉంటాయి.

కానీ బాణం ఒక్కటే చూసి మిలిటరీదని తీర్మానించకండి. సర్కారు సొత్తు అనేవరకే అది చెప్తుంది. మన చుట్టుపక్కల రకరకాల రాళ్ళున్నాయి. పొలాల్లో ఉండేవి రెవెన్యూ సర్వే రాళ్ళు. వాటికి 1923 నాటి సర్వే హద్దుల చట్టం ఉంది. మూడు గ్రామాల హద్దులు కలిసే చోట ట్రైజంక్షన్ రాయి ఉంటుంది, మిగతావాటికన్నా పెద్దది. రైల్వేవాళ్ళు రాళ్ళూ పాతారు, పాత రైలు పట్టాల ముక్కలూ పాతారు. మన హార్బరు పుట్టిందే బెంగాల్ నాగపూర్ రైల్వేతో ముడిపడి కాబట్టి ఈ ఊళ్ళో బి.ఎన్.ఆర్. అనే అక్షరాలు ఎక్కడ కనిపించినా ఆశ్చర్యం లేదు. ఇంకొకటి, రాతి మీద చిన్న చదరం, జి.టి.ఎస్., బి.ఎం. అనే అక్షరాలు. దాన్ని చూసి చాలామంది హద్దు రాయి అనుకుంటారు. కాదు, అది ఎత్తు కొలవడానికి పెట్టిన గుర్తు. దేశమంతటినీ త్రికోణాలుగా కొలిచిన మహా సర్వేవాళ్ళది. ఆ సర్వేకి ఆధారంగా నేల మీద అంగుళం అంగుళం కొలిచిన బేస్‌లైన్లు కొద్దిగానే ఉన్నాయి. వాటిలో ఒకటి 1862–63లో కొలిచిన విశాఖపట్నం బేస్‌లైన్. ఆ సంగతి తెలిసిన రోజు నా గొలుసుని ఇంటికి వెళ్ళగానే నూనె గుడ్డతో తుడిచాను.

ఇక చదవడం. పగలు చదవలేరు. రాత్రి పూట టార్చి లైటుని రాతికి ఎదురుగా కాకుండా పక్క నుంచి, ముఖానికి దాదాపు ఆనించి పట్టుకోండి. గాడి ఎంత అరిగినా నీడ పడుతుంది. ఎడమ నుంచి ఒకసారి, కుడి నుంచి ఒకసారి, పై నుంచి ఒకసారి ఫోటో తియ్యండి. ఆసిడ్ పొయ్యకండి, ఇనుప బ్రష్షుతో తోమకండి. అన్నిటికన్నా ముఖ్యం, సుద్దతో అక్షరాలు దిద్దకండి. మీకు తోచింది దిద్దేస్తే మీ తరవాత వచ్చినవాడు రాతిని చదవడు, మీ సుద్దని చదువుతాడు.

హద్దు ఎక్కడ మలుపు తిరిగితే అక్కడ రాయి పాతుతారు. అందుకే దాని చోటే దాని విలువ. మీ తమ్ముడు గేటు దగ్గర పాతుకుంటే అది అలంకారానికి ఉంటుంది, అంతే. నేను పనిచేసిన ఒక ఊళ్ళో ట్రైజంక్షన్ రాయిని తెచ్చి వేపచెట్టు అరుగుకి మెట్టుగా వేసుకున్నారు. ఎవరూ చెడు ఉద్దేశంతో చెయ్యలేదు. తరవాత ఇద్దరు అన్నదమ్ములు ఆరేళ్ళు మాట్లాడుకోలేదు. రాయి అక్కడే ఉంది, కళ్ళముందే ఉంది, దానికి చెప్పడానికి ఏమీ లేదు. ప్రభుత్వం పాతిన హద్దు గుర్తుని చెరపడం, కదపడం పాత ఐపీసీలో 434 సెక్షన్ కింద, 2024 నుంచి భారతీయ న్యాయ సంహిత కింద ఏడాది దాకా జైలు పడే నేరం కూడా. అది కాలువ పనివాళ్ళకి మర్యాదగా చెప్పండి.

ఇంజన్‌రూమ్

అక్కా, నేను మర్చంట్ నేవీలో ఇంజనీరుగా చేశాను. మాది గాజువాక. మీరు చెప్పిన గుర్తుని నేను ఇంగ్లండులో కళ్ళారా చూశాను.

ఓడ మరమ్మతు కోసం పోర్ట్స్‌మత్ దగ్గర కొన్ని రోజులు ఆగాల్సి వచ్చింది. సాయంత్రం పూట నడకకి వెళ్తే ఫుట్‌పాత్ అంచున, ఇళ్ళ గోడల మొదట్లో పొట్టి రాళ్ళు. కొన్నింటి మీద బి.ఓ., మధ్యలో బాణం. కొన్నింటి మీద డబ్ల్యు.డి., మధ్యలో అదే బాణం, కింద నంబరు. ఓ ముసలాయన కుక్కని తిప్పుతూ నా పక్కన ఆగి వివరంగా చెప్పారు. బి.ఓ. అంటే బోర్డ్ ఆఫ్ ఆర్డ్నెన్స్, ఫిరంగులూ కోటలూ చూసుకునే శాఖ. 1855లో దాన్ని ఎత్తేసి భూములన్నీ వార్ డిపార్ట్‌మెంట్‌కి అప్పగించారు. అదే డబ్ల్యు.డి. అంటే అక్షరాలు చూసి ఆ రాయి 1855కి ముందుదో తరవాతదో చెప్పెయ్యొచ్చు. ప్లిమత్‌లో, పోర్ట్స్‌మత్ రేవుకి అవతలి ఒడ్డున గోస్‌పోర్ట్‌లో కూడా ఇలాంటివి ఉన్నాయి.

నాకు అర్థం కానిది ఒకటే. నేవీ రేవు నీళ్ళ దగ్గర ఉంటుంది కదా, హద్దు రాళ్ళు ఊరి మధ్యలోకి ఎందుకొచ్చాయి? ఆయన చెప్పిన జవాబు ఇప్పటికీ మర్చిపోలేదు. రేవుని కాపాడేది కోట. కోట మీది ఫిరంగికి ఎదురుగా ఖాళీ నేల కావాలి. అక్కడ ఇల్లు కట్టినా తోట వేసినా శత్రువు దాక్కునే చాటు అవుతుంది. అందుకని కోట కన్నా కోట ముందున్న ఖాళీ నేలే ఎక్కువ కొనాల్సి వచ్చింది. 1859లో ఫ్రాన్స్ భయంతో ఒక రాయల్ కమిషన్ వేసి, రేవుల చుట్టూ కొత్త కోటలు వరసగా కట్టారు. పోర్ట్స్‌మత్ వెనక గుట్ట మీద అవి ఇప్పటికీ ఉన్నాయి.

మన దేశంలో ఇదే ఆలోచనతో 1903లో ఒక చట్టం వచ్చింది, వర్క్స్ ఆఫ్ డిఫెన్స్ యాక్ట్. అది ఇంకా అమల్లోనే ఉంది. రక్షణ కట్టడం చుట్టూ 2000 గజాలు, 1000 గజాలు, 500 గజాల దాకా మూడు గీతలు గీసి, లోపలికి వచ్చే కొద్దీ ఆంక్షలు పెంచొచ్చు అంటుంది. నేల మీద గీత కనపడదు కాబట్టి రాయి కావాలి.

డాల్ఫిన్స్ నోస్ కొండ కింద నుంచి ఓడ లోపలికి వచ్చేటప్పుడు చూస్తే ఈ కొండ విలువ తెలుస్తుంది. ఆ ఇరుకు దారిని అలల నుంచి కాపాడ్డానికి హార్బరు కట్టినప్పుడు రెండు పాత ఓడల్ని రాళ్ళతో నింపి అక్కడే ముంచారు, జానస్, వెల్లెస్‌డన్ అని. 1933లో హార్బరు తెరిచారు. పదేళ్ళు తిరక్కుండానే యుద్ధం వచ్చిపడింది. ఆ కొండ ఎవరి చేతిలో ఉంటే హార్బరు వాళ్ళ చేతిలో ఉన్నట్టే. మీ తాతగారి వీధి ఆ కొండ కిందే కదక్కా.

బురుజుపేట

1942 ఏప్రిల్ 6న జపానువాళ్ళు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశారు. ఊరు సగం ఖాళీ అయిపోయిందని మా పెద్దవాళ్ళు చెప్పేవారు. బీచ్‌లో ఇసుక కోసుకుపోయినప్పుడు బయటపడే కాంక్రీటు బంకర్లు ఆ కాలానివే. కోస్టల్ బ్యాటరీ అనే పేరు రోజూ ఆటోవాళ్ళ నోట వింటాం. బ్యాటరీ అంటే ఫిరంగుల వరస అని పిల్లలకి ఎవరూ చెప్పరు.

వన్‌టౌన్‌లో మాకు మీలాంటి రాయి కూడా మిగల్లేదమ్మా. ఇంగ్లీషు కంపెనీ కోట ఇక్కడే ఉండేది. 1757లో ఫ్రెంచి బుస్సీ పట్టుకున్నాడు. 1780 అక్టోబరు 3న మద్రాసుకి ఓడ ఎక్కమంటే సిపాయిలు తిరగబడ్డారు. 1857కి 77 ఏళ్ళ ముందు! ఆ కోట గోడ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో ఇప్పుడు చూపించమంటే చూపించలేను. మిగిలినవి పేర్లే. కోటవీధి, సోల్జర్‌పేట. మా పేటకి పేరిచ్చిన బురుజు కూడా లేదు. కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి వచ్చే వేలమందిలో ఆ పేరు ఎందుకొచ్చిందని అడిగేవాళ్ళు చాలా తక్కువ. మీ దగ్గర రాయి ఉంది. దయచేసి పోనివ్వకండి.

కొండకింద

మేడం, మంచికే చెప్తున్నాను. ఆ రాయిని రాత్రికి రాత్రి పీకించేసి ఊరుకోండి. మా బంధువుల స్థలం రిజిస్ట్రేషన్ చెయ్యకూడని నిషేధిత జాబితా 22ఏలో పడి కూతురి పెళ్ళికి అమ్ముకోలేకపోయారు. నాలుగేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగారు. రాయి చరిత్ర మీకు అన్నం పెట్టదు.

పాత చైన్‌మన్

కొండకింద గారూ, మీ బంధువుల బాధ నాకు తెలుసు. అలాంటి ఫైళ్ళు నేను మోశాను. కానీ ఈ సలహా సింధియావాసి గారికి నష్టం చేస్తుంది.

రాయి హక్కు పుట్టించదు. హక్కు కాగితంలో ఉంటుంది. రక్షణ శాఖకి కంటోన్మెంట్ బయట ఉన్న భూములకి మిలిటరీ లాండ్స్ రిజిస్టర్ అని వేరే ఉంది. మనవైపు టౌన్ సర్వే రిజిస్టరు, కొలతల పుస్తకం ఎఫ్ఎంబీ ఉన్నాయి. మీరు రాయి పీకినంత మాత్రాన ఆ రిజిస్టర్లో గీత చెరిగిపోదు. రేపు ఎవరైనా కొలతకి వచ్చి, గీత మీ వంటగదిలోంచి పోతోంది అన్నారనుకోండి. అప్పుడు, అయ్యా, మీ రాయి మా గోడకి అవతల ఉంది చూడండి అని చూపించడానికి ఏముంటుంది? ఆమె ఇంటికి ఉన్న మంచి సాక్షి అదే. సాక్షిని మన చేత్తో పంపించేసుకుంటామా?

అమ్మా, మీరు రేపే మూడు కొలతలు తియ్యండి. రాయి మధ్య నుంచి మీ ఇంటి మూల రాయి దాకా, గుడి మెట్టు దాకా, ఇంకేదైనా పాత పక్కా కట్టడం మూల దాకా. కరెంటు స్తంభం వద్దు, దాన్ని మారుస్తారు. టేపు వదులుగా వేలాడకూడదు. రాతి ఏ ముఖం ఎటు చూస్తోందో కూడా రాసుకోండి. తారీఖు వేసి ఇద్దరు పెద్దవాళ్ళ చేత సంతకం పెట్టించండి. ఒకటే జాగ్రత్త, ఫోటోల్లో నేవీ గోడ, గేటు, కొండ మీది కట్టడాలు రాకూడదు. ఇల్లు ఎక్కడో తెలిసే మ్యాపు గుర్తు కూడా ఇక్కడ పెట్టకండి.

సింధియావాసి

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. శుక్రవారం ఇది రాస్తున్నాను.

బుధవారం రాత్రి ఎనిమిదింటికి వీధి దీపం ఆర్పించి, తమ్ముడు టార్చి పట్టుకున్నాడు. చైన్‌మన్ గారు చెప్పినట్టే పక్క నుంచి లైటు పడగానే రాయి మాట్లాడింది. బాణం కింద 14. దాని కింద బి, పి. బౌండరీ పిల్లర్ అని తమ్ముడే గట్టిగా చదివాడు. మరి గేటు మాట మళ్ళీ ఎత్తలేదు. 14 లోని 4 అంకెని ఎవరో మనిషి ఉలితో నాలుగు దెబ్బల్లో తేల్చేశాడు, చివరి గీత కొంచెం పక్కకి జారింది. ఇంత దగ్గరగా ఉండి, ఇన్నేళ్ళు ఆట ఆడి, ఆ జారుడు గీత నేను చూడలేదు. రాయిని పట్టుకుని కాసేపు అక్కడే కూర్చున్నాను. దాని మీద కాదు, పక్కన.

గురువారం పొద్దున్న కాలువ పని చూసే ఇంజనీరు గారికి ఫోటోలు, మూడు కొలతల కాగితం చూపించాను. రాయి నుంచి ఇంటి మూలకి 11 అడుగుల 4 అంగుళాలు వచ్చింది, మిగతా రెండూ ఇక్కడ పెట్టడం లేదు. ఆయన చిన్నవాడే. ముందు విసుక్కున్నాడు. సెక్షన్ మాట చెప్తే ఇంకా విసుక్కున్నాడు. మా తాత 1946లో ఇక్కడికి వచ్చాడని, ఈ గోడ ఆయన చేత్తో కట్టాడని చెప్తే మాత్రం సందులోకి వచ్చి చూశాడు. కాలువని అక్కడ అడుగున్నర ఇవతలికి వంచి పోయించారు. మా గోడ పునాది పక్కనే కాలువ వచ్చింది, అయినా సరే.

ఎదురింటాయన కూడా సంతకం పెట్టారు. రాయి మా గోడకి అవతల ఉందన్న మాట కాగితం మీద చూశాక ఆయనకీ ధైర్యం వచ్చింది. కొండకింద గారూ, మీరు మంచి మనసుతోనే చెప్పారని నాకు తెలుసు.

ఇంకో సంగతి చెప్పాలి. టార్చి హడావుడి చూసి వీధి చివరి పెద్దమ్మ, ఆవిడకి 80 దాటాయి, "మా ఇంట్లోనూ ఉందే కోడికాలు" అంది. వెళ్ళి చూస్తే బట్టలుతికే బండ. తిరగేసి చూశాం. బాణం, 15, బి, పి. సబ్బు నురగకి అంచులు నున్నగా అరిగాయి. ఎక్కడి నుంచి తెచ్చారని అడిగాను. వాళ్ళాయన పెళ్ళయిన కొత్తలో చింతచెట్టు దగ్గర నుంచి దొర్లించుకొచ్చాడట. ఏ చింతచెట్టు? అదీ ఎప్పుడో కొట్టేశారు. పెద్దమ్మ వీధిలో నిలబడి చెయ్యి ఇటు చూపించింది, కాసేపటికి అటు చూపించింది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేనేం అనలేదు. 14కి 15కి మధ్య గీత ఎలా నడిచిందో ఇక ఆ బండ చెప్పలేదు.

13 కొండవైపు ఎక్కడో ఉండాలి, 16 సింధియా రోడ్డు వైపు. మల్కాపురం, శ్రీహరిపురం, ములగాడ వైపు ఉన్నవాళ్ళు మీ పెరళ్ళు, గోడ మూలలు, పశువుల శాలలు ఒకసారి చూడండి. కోడికాలు కనిపిస్తే ఇక్కడ ఒక్క మాట రాయండి, టేపు పట్టుకుని నేనూ తమ్ముడూ వస్తాం. అంతవరకు దాన్ని ఉన్నచోటే ఉండనివ్వండి.